అమరంలో తలగడ

ముప్ఫై ఒక్క ఏళ్ళు షిప్‌యార్డులో తుప్పు గీకాను.
ఓడ కడుపులో నిలబడి సుత్తి వేస్తే
దెబ్బ ఒకటే,
మోత నాలుగు గోడలది.
రిటైరైన రోజు పూలదండతో పాటు
ఆ మోతని కూడా నాతో ఇంటికి పంపించారు.

ఇప్పుడది నా కుడిచెవిలో కాపురం.
కీచురాయిలా కాదు.
కుక్కరు విజిల్ వేయబోయే ముందు
ఒక్క క్షణం సన్నగా కూస్తుందే, అలాగ.
ఆ క్షణం అయిపోదు.

కేజీహెచ్‌లో చెవి డాక్టరమ్మ
మోగే కడ్డీ నా నుదుటికి ఆనించి
"అలవాటు పడాలండీ" అంది,
చిన్నపిల్ల, పాపం, నా మొహం చూడలేక
కడ్డీ వైపు చూస్తూ.

రాత్రి రెండింటికి
జ్ఞానాపురం పట్టాల మీద ఇనుపరాయి వేగన్లు
ఆఖరి పెట్టె దాకా దాటిపోయాక
వీధి వీధంతా ఊపిరి వదిలి పడుకుంటుంది.
నాకు షిఫ్టు మొదలు.
"మళ్ళీ లెగిసిపోనావేటి?" అంటాది ఆరోగ్యం,
గోడ వైపు తిరిగి.
లేవడానికి, పడుకుంటే కదా.

గుళ్ళో నాకు భయం వేసేది ఒక్కటే చోటు:
గురువుగారు అప్పం పైకెత్తినప్పుడు
గంట ఆగిపోయాక వచ్చే నిశ్శబ్దం.
అందరికీ అది పరలోకం, నాకు డ్రైడాకు.
మౌనంలోనే దేవుడు మాట్లాడతాడని
చిన్నప్పుడు సిస్టరమ్మలు చెప్పారు.
మరి నాలాంటివాడికి ఎలా?
ఎప్పుడు చేసినా ఎంగేజే.

ఒకటి చెప్పాలి.
హుద్‌హుద్ వచ్చిన రోజు
రేకులు కాగితాల్లా లేచిపోతుంటే
ఆరోగ్యం జపమాల పళ్ళతో పట్టుకుని
మంచం అడ్డం పెట్టి తలుపు ఆపుతుంటే
ఆ గాలి హోరులో నా చెవి మోత వినబడలేదు.
ఊరంతా ఏడుస్తున్న పూట
నేను హాయిగా ఉన్నాను.
ఇన్నేళ్ళలో ఏ పాపసంకీర్తనంలోనూ
ఇది నా నోట రాలేదు.

తర్వాత ఏడాది గుడి మానేశాను.
ఆదివారాలు ఫిషింగ్ హార్బర్‌కి పోయి
ఐసు దిమ్మలు పిండి చేసే మర పక్కన నిలబడేవాణ్ణి.
అక్కడే ఒక మధ్యాహ్నం,
బాగుచేసిన ఇంజిను పరీక్షకని ఆడుతోంది,
బోటు ఒళ్ళంతా మలేరియా వణుకు,
అమరంలో తాడుచుట్ట మీద తల పెట్టుకుని
మెకానిక్కు రాయప్ప నిద్రపోతున్నాడు.
నోరు తెరిచి.
లేపి అడిగాను, ఎలా పడతాదిరా నిద్ర?
"ఇంజిను ఆగితే నాకు మెలకువొస్తాది గానీ
ఆడుతుంటే ఏటి బావా, మావోడున్నట్టే గదా" అన్నాడు,
మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఇంటికొస్తూ కొత్తరోడ్డు దగ్గర
ఆటోలో ఉండగా తట్టింది.
సరస్సు మీద ఆ తుఫాను కథ
ఎన్నిసార్లు విన్నాను!
ప్రతిసారీ అల అణగడమే చెబుతారు.
ఓడలు బాగుచేసిన వాణ్ణి,
నాకెందుకు తట్టలేదు
అమరంలో ఆ తలగడ?
ఏ జాలరివాడిదో, చేపల కంపు కొడుతూ,
తడిసి బరువెక్కి ఉండాలి.
గాలిని గద్దించక ముందే
ఆయన నిద్రపోయాడు.
నీళ్ళు లోపలికి వస్తుండగానే.

ఆ రాత్రి మోకరించలేదు. మోకాళ్ళు కూడా షిప్‌యార్డువే.
వెల్లకిలా పడుకునే అన్నాను:
స్వామీ, దీన్ని ఆపమని అడగను, అడిగి అలిసిపోయాను.
కాస్త జరుగు.
సగం తలగడ నాకియ్యి.

మోత అలాగే ఉంది.
దూరంగా చానెల్లోకి వస్తున్న ఓడ ఒకటి కూత వేసింది.
దాని పక్కనే నా కూత, సన్నగా.
రెండూ ఒకే నీళ్ళ మీద ఉన్నట్టు అనిపించింది.
తర్వాత ఏమైందో తెలీదు.

అన్ని రాత్రులూ ఇలా ఉండవు.
నిన్న ఉండలేదు.
కానీ ఆ మర్నాడు మాత్రం
టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టి
ఆరోగ్యం తిట్టిన తిట్టు
ఇంకా నా ఎడమచెవిలో దాచుకున్నాను:
"రాత్రంతా ఒకటే గురక!
నీ మోతకి నాకు నిద్దరే లేదు."